పండుగపూట కథ ఎప్పుడు చదవాలి?

మొన్న ఆదివారం ఉదయం ఒకటే ముసురు. ఆషాఢమాసం. వసారాలో ఆరవేసిన గొడుగులు ఆరకుండానే మళ్ళీ తడుస్తున్నాయి. అటువంటి పూట మా పాత శిష్యుడొకడు చంకలో కాగితాల కట్ట పెట్టుకుని వచ్చాడు. నా దగ్గర బి.ఏ. చదివే రోజుల్లో వాడికి ఛందస్సులో మార్కులు అంతంతమాత్రమే గాని, కబుర్లు చెప్పడంలో దిట్ట. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తూ కథలు వ్రాస్తున్నాడు. నాలుగైదు అచ్చయ్యాయి కూడాను.

“మాస్టారూ! దీపావళి సంచికకు కథ పంపమని కబురు వచ్చింది. పండుగరోజుల్లో పాఠకుణ్ణి పట్టి కూర్చోబెట్టే కథ కావాలట. వ్రాసేశాను. మీరొకసారి వినాలి,” అన్నాడు.

దీపావళి అమావాస్యకు ఇంకా మూడు నెలల పైచిలుకు ఉంది. అయినా రచయితల పంచాంగం వేరు. వాన కురుస్తూ ఉండగానే మనం మతాబులు వెలిగించాలి. సంక్రాంతి ముగ్గులు కార్తీకంలోనే వేసెయ్యాలి. ఉగాది కోయిల మాఘమాసపు చలిలో వణుకుతూ కుయ్యాలి. తప్పదు. సరే, చదవమన్నాను.

మొదటి నాలుగు పేజీలూ ఆకాశం, అమావాస్య చీకటి, దీపాల వరుసలు. అయిదో పేజీలో కొత్తల్లుడు రైలు దిగాడు. పదో పేజీలో అలిగాడు. పదిహేనో పేజీలో మామగారు తల పట్టుకున్నారు. ఇరవయ్యో పేజీలో అమ్మాయి మొగుణ్ణి మెత్తగా మందలించింది. ఆఖరి పేజీలో చిచ్చుబుడ్డి వెలుగులో అందరి కళ్ళలోనూ ఆనందబాష్పాలు.

నాకు నవ్వు వచ్చింది. వాణ్ణి చూసి కాదు. ఇరవై ఏళ్ళనాడు నేను వ్రాసిన మొదటి పండుగకథలోనూ ఈ అల్లుడే అలిగాడు. అప్పుడు మోటారు సైకిలు అడిగాడు, ఇప్పుడు కారు అడుగుతున్నాడు. అంతే తేడా.

కాఫీ తెచ్చిన మా ఆవిడ గుమ్మంలో నిలబడి చివరి పేజీలు విన్నది.

“బాగానే ఉంది బాబూ! అయితే దీన్ని ఎప్పుడు చదవాలి?” అని అడిగింది.

“దీపావళికండీ అమ్మగారూ!”

“అదే, దీపావళికి ఎప్పుడు?”

వాడికి అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు. అప్పుడామె వ్రేళ్ళు మడుస్తూ లెక్క చెప్పింది. చతుర్దశినాడు తెల్లవారుజామునే లేచి అందరికీ తలంట్లు. అమావాస్యనాడు పొద్దుటినుంచీ పులిహోర, గారెలు, బొబ్బట్లు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మూడు. ప్రమిదలు కడిగి, వత్తులు చేసి, నూనె పోసి సిద్ధం చేసేసరికి సంధ్యవేళ. పిల్లల చేత గోగుకాడల దివిటీలు కొట్టించి, కాళ్ళు కడిగించి, నోట్లో మిఠాయి పెట్టి, లక్ష్మీపూజ చేసి, టపాకాయల దగ్గర ఎవరి చెయ్యీ కాలకుండా కాపలా కాసి, మళ్ళీ వడ్డించి, వంటిల్లు సర్దుకునేసరికి రాత్రి పదిన్నర.

“అప్పటికి పుస్తకం నా చేతికి వస్తుంది. అట్ట మీద పసుపు మరకలు, లోపల పకోడీల నూనె. మీ నాలుగు పేజీల చీకటి దాటి అల్లుడు రైలు దిగేలోపల నేను నిద్రపోతాను,” అన్నది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఏటేటా పండుగ సంచిక రాగానే పడక్కుర్చీలో వాలి మొదట చదివేది నేనే. అందరూ నాలాగే చదువుతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పండుగంటే సెలవు అనే మాట ఇంట్లో సగంమందికే నిజం. తక్కిన సగానికి అది మామూలు రోజుకన్నా పెద్ద పనిదినం. ఆ సగంలోనే మన కథలకు గట్టి పాఠకులున్నారు. పండుగపూట పాఠకుల్ని ఎలా ఆకట్టుకోవాలని రచయితలు అడుగుతూంటారు. ఆ పాఠకులకు తీరిక ఎప్పుడు దొరుకుతుందో ముందు తెలుసుకోవాలి కదా!

పండుగకథ అనగానే ప్రపంచమంతా తలుచుకునే పేరు చార్లెస్ డికెన్స్. ఆయన ‘క్రిస్మస్ కారల్’ 1843 డిసెంబరు 19న లండనులో వెలువడింది. పండుగకు సరిగ్గా ఆరు రోజుల ముందు. జాన్ లీచ్ వేసిన బొమ్మలకు చేత్తో రంగులు దిద్దించి, అంచులకు బంగారు పూత పెట్టించి, వెల అయిదు షిల్లింగులన్నారు. పండుగ ముందురోజుకల్లా మొదటి ఆరువేల ప్రతులూ చెల్లిపోయాయి. సొగసు కోసం పెట్టిన ఖర్చు అంతా ఇంతా కాదు గనుక మొదటి లెక్కలో డికెన్సుకు మిగిలింది 230 పౌనులే. ఆయన వెయ్యి వస్తాయని ఆశపడ్డాడు. పండుగ పుస్తకం వేసి ధనవంతులమైపోదామనుకునే మిత్రులు ఈ లెక్క గుర్తుంచుకోవాలి!

ఆ కథ ఎలా పుట్టిందో చూడండి. ఆ యేడు సెప్టెంబరులో ఆయన లండనులో దిక్కులేని పిల్లల బడి ఒకటి చూసి వచ్చాడు. గనుల్లోనూ కర్మాగారాల్లోనూ పసివాళ్ళు పడే పాట్ల మీద ప్రభుత్వం వారి నివేదిక కూడా ఆయన మనస్సును కలచివేసింది. దాని మీద కరపత్రం వ్రాద్దామనుకున్నాడు. తరువాత ఆ ఊహ మానుకుని, ఆరు వారాల్లో కథ వ్రాశాడు. అంటే ఆయన పండుగను వర్ణించడానికి కూర్చోలేదు. పండుగ ఎవరి గుమ్మం దాకా రాకుండా వెనక్కి తిరిగిపోతున్నదో చూసి కూర్చున్నాడు.

అందులో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఒకటుంది. స్క్రూజ్ అనే పిసినారిని పండుగదేవత లోకమంతా త్రిప్పి చూపిస్తుంది. విందులూ వినోదాలూ చూపించి ఊరుకోదు. బీడుభూమిలో గని కార్మికుల గుడిసెకు తీసుకుపోతుంది. సముద్రం మధ్య దీపస్తంభంలో కాపలా కాసే ఇద్దరి దగ్గరికి, నడిసముద్రంలో ఓడ మీద పహరా ఉన్న నావికుల దగ్గరికీ తీసుకుపోతుంది. పండుగరాత్రి పనిలో ఉన్నవాళ్ళను రచయిత మరచిపోలేదు. అది చదివే ఓడ కళాసీ ఎవడైనా ఉంటే, తనను కూడా లెక్కలోకి తీసుకున్నారని సంతోషించడూ?

డికెన్సుకు మరొక రహస్యం తెలుసు. కథ కంటికే కాదు, చెవికి కూడాను. 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్ నగరంలో ఈ కథను జనం ముందు తానే చదివి వినిపించాడు. మూడు సభల్లో ఒకటి కార్మికుల కోసమని, టిక్కెట్టు వాళ్ళకు అందే వెలలో ఉండాలని పట్టుబట్టాడు. మొదటిసారి చదవడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. తరువాత చదివినకొద్దీ, శ్రోతల మొహాలు చూసినకొద్దీ, తన వాక్యాలు తానే కొట్టేసుకుంటూ గంటన్నరకు దించాడు. లోకమంతా మెచ్చిన రచనను రచయితే సగానికి కోశాడంటే, మన ఇరవై అయిదు పేజీలు ఏపాటి?

ఆ విద్య మనకు కొత్త కాదు. నవరాత్రి పందిళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో హరిదాసులు చేసింది అదే. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) ఈ కళకు తెచ్చిన గౌరవం మీకు తెలియనిది కాదు. మంచి హరిదాసు కథ చెబుతూనే పందిరంతా ఒక కంట కనిపెడతాడు. వెనక వరుసలో ఆవులింత కనబడితే చాలు, చిడతలు ఆపి ఒక పిట్టకథ అందుకుంటాడు. ఆలస్యంగా వచ్చిన ముసలమ్మకు “ఇంతవరకూ ఏం జరిగిందంటే” అని రెండు ముక్కల్లో చెప్పి కలుపుకుంటాడు. పండుగకథ కూడా అలాగే ఉండాలి. మధ్యలో పాలు పొంగితే లేచి వెళ్ళి, వచ్చి కూర్చుంటే దారి తప్పకుండా దొరకాలి. పదిమంది పాత్రల పేర్లు ఒక్కసారే మీదపడితే పాలతో పాటు కథా పొంగిపోతుంది.

పత్రికల మాటకు వద్దాం. పండుగకూ కథకూ ముడి వేసినవాళ్ళలో మరాఠీవారు ముందున్నారు. 1909లో ‘మనోరంజన్’ అనే పత్రిక దీపావళి సంచిక వేసింది. ఆ వాడుక నేటికీ అక్కడ బ్రతికే ఉంది. ఫరాళం పళ్ళెం, దీపావళి సంచిక రెండూ ఉంటేనే వాళ్ళకు పండుగ. బెంగాలులో దసరా వస్తే శారదీయ సంచికలు. ‘దేశ్’ పత్రిక 1970 శారదీయ సంచికలో సత్యజిత్ రాయ్ ఫెలూదా నవల గాంగ్‌టక్ నగరం నేపథ్యంగా వచ్చింది. ఆ తరువాత చాలా ఏళ్ళు దసరాకు కొత్త ఫెలూదా కోసం ఇంటిల్లపాదీ ఎదురుచూశారు. మన తెలుగులో 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక ఉగాది సంచికల్లో పండితుల వ్యాసాలూ పద్యాలూ కథలూ ఒకే విస్తట్లో వడ్డించింది. చక్రపాణిగారి ‘యువ’ దీపావళి సంచికలంటే మా అమ్మ తరంవారు ఇప్పటికీ కళ్ళు పెద్దవి చేసి చెబుతారు. వడ్డాది పాపయ్యగారి రంగుల బొమ్మలు, బాపుగారి గీతలు, వాటి మధ్య నవలలు. చదివాక పారవేయకుండా ట్రంకుపెట్టెల్లో దాచుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

వీటన్నిటిలో ఉన్న మంత్రం ఒక్కటే. పాఠకుడికి రచయిత మాట ఇచ్చాడు, ఆ మాట ప్రకారం పండుగనాటికి గుమ్మంలో నిలబడ్డాడు. ధనుర్మాసంలో తెల్లవారేసరికి హరిదాసు మన వాకిట్లోకి వచ్చినట్లు. ఆయన మనల్ని గుడికి రమ్మనడు. తానే వస్తాడు, పాడుతాడు, పసివాడి చేత్తో వేసిన గుప్పెడు బియ్యం అక్షయపాత్రలో పుచ్చుకుని పక్కింటికి వెడతాడు. రేపు మళ్ళీ వస్తాడని పసివాడికి తెలుసు.

ఇక నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

2001 వేసవిలో మా నాన్నగారు పోయారు. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. సంవత్సరీకం దాటేదాకా ఇంట్లో పండుగ లేదు. దీపావళినాడు వీధివీధంతా వెలిగిపోతూంటే మా ఇంటి ముందు మటుకు మామూలు వీధిదీపమే. చుట్టుపక్కల వాళ్ళు పిండివంటలు పంపించారు. అమ్మ వాటిని చెల్లెలికీ నాకూ పెట్టి తాను తినలేదు. పేపరు కుర్రాడికి ఏ ఇంట్లో పండుగ ఉందో, ఏ ఇంట్లో లేదో ఏం తెలుసు? ప్రతి యేడూ వేసినట్లే పండుగ సంచిక వేసి వెళ్ళాడు. నాన్నగారి పేరు మీద వచ్చే సంచిక అది.

ఆ రాత్రి తలుపులు మూసుకుని, టపాకాయల చప్పుడు వినబడుతూ ఉండగా, అమ్మ ఆ సంచిక తెరిచింది. ఒక కథ మొదలుపెట్టేది, పేజీ తిప్పేది, వదిలేసేది. ఎన్ని కథలున్నాయో అన్నిట్లోనూ అందరూ కలుసుకుంటున్నారు. విడిపోయినవాళ్ళు తిరిగి వస్తున్నారు. తిరిగిరాని మనిషి ఉన్న ఇంటికి ఆ కథల్లో చోటు లేదు.

చివర్లో చిన్న కథ ఒకటి ఉంది. రెండు పేజీలో, మూడు పేజీలో. పండుగరాత్రి చిన్న రైల్వేస్టేషనులో డ్యూటీ మీద ఉన్న మనిషి. ఆ బండికి ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు. అయినా అతను పచ్చదీపం పట్టుకుని నిలబడతాడు. బండి వెళ్ళిపోయాక ఆ దీపాన్నే గదిలో బల్లమీద పెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియరు విప్పుకుంటాడు. అంతే కథ. అతనికి భార్య లేదని ఎక్కడా వ్రాయలేదు. క్యారియరు తానే కట్టుకున్నాడని ఒకచోట ఉంది.

అమ్మ ఆ కథ రెండుసార్లు చదివింది. పుస్తకం మూసి, “ఈ వ్రాసినతనికి ఎవరో పోయి ఉంటార్రా,” అన్నది. తరువాత లేచి, పక్కింటివాళ్ళు పంపిన బొబ్బట్టు ఒకటి సగం తుంచుకుని తిన్నది. నాన్నగారు పోయిన తరువాత ఆమె తీపి నోట పెట్టడం అదే మొదలు.

ఆ కథ వ్రాసినాయన పేరు చూసుకోవాలని అప్పుడు నాకు తోచలేదు. తోచేనాటికి ఆ సంచిక ఇంట్లో లేదు. తెలుగు లెక్చరరునై ఇన్నేళ్ళు సాహిత్యప్రయోజనం మీద పాఠాలు చెప్పాను గాని, ఆ ప్రయోజనం నేను కళ్ళారా చూసింది ఆ ఒక్క రాత్రే. అదెంత? సగం బొబ్బట్టంత! ఆయనకు ఒక కార్డు ముక్క వ్రాసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పండుగకథ విషాదంగా ఉండాలని నేననడం లేదు. నవ్వించే కథకు పండుగపూట మించిన సమయం లేదు. అల్లుడు అలగవచ్చు, మామగారు తల పట్టుకోవచ్చు. కాని ఆ సందడిలో ఒక కిటికీ అయినా బయటికి తెరిచి ఉండాలి. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు, డిపోలో కండక్టరు, హాస్టల్లో మిగిలిపోయిన కుర్రవాడు, పిల్లలు అమెరికాలో ఉండగా ఇద్దరికే వండుకునే ముసలి దంపతులు — వీళ్ళందరూ ఆ పూట చేతిలో పుస్తకమో ఫోనో పట్టుకుని ఏదో ఒకటి చదువుతూనే ఉంటారు. పండుగ నిండుగా ఉన్న ఇంటికంటె లేని ఇంట్లోనే పాఠకుడు ఎక్కువసేపు చదువుతాడు.

రచయితల పని కథ పంపించడంతో తీరదని కూడా మా శిష్యుడితో అన్నాను. ఉత్తరం వ్రాసిన పాఠకుడికి పండుగ వెళ్ళాకనైనా రెండు వాక్యాల జవాబు వ్రాయాలి. ఊళ్ళో గ్రంథాలయం ఉంటే ఒక సాయంత్రం వెళ్ళి కథ చదివి వినిపించాలి. విజయవాడలో మూడు దశాబ్దాలకు పైబడి జనవరి మొదట్లో పుస్తకాల పండుగ జరుగుతున్నది. సంక్రాంతి బట్టలు కొనుక్కునే జనంతో పాటే పుస్తకాలు కొనుక్కునే జనమూ వస్తారు. అక్కడ నిలబడి “నా పుస్తకం కొనండి” అనడం కన్నా “మీరేం చదువుతారు?” అని అడిగిన రచయిత ఎక్కువ నేర్చుకుంటాడు. ఐస్‌లాండు అనే చిన్న దేశంలో క్రిస్మస్‌కు ఒకరికొకరు పుస్తకాలే కానుకగా ఇచ్చుకుంటారు. కొత్తల్లుడికి బట్టలు పెట్టే మనం ఆ పళ్ళెంలో ఒక పుస్తకం పెడితే అలక కాస్త తగ్గుతుందేమో, ఎవరు చూడవచ్చారు?

మరొక్క మాట. ఊట లేనప్పుడు బావిలో చేద వెయ్యకూడదు. ఏటేటా పండుగ సంచికలు నడిపిన డికెన్స్, 1868లో ఇక చాలనుకుని మానేశాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఎంత గొప్పో, చెప్పడానికేమీ లేనప్పుడు ఊరుకోవడమూ అంత గొప్పే.

శిష్యుడు కాగితాలు సర్దుకుని వానలోనే వెళ్ళిపోయాడు. మొహం చిన్నబోయిందేమోనని నేను బాధపడ్డాను. పది రోజులు గడిచాయి. నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చాడు. ఈసారి కట్ట సన్నగా ఉంది.

“ఎన్ని పేజీలోయ్?”

“ఏడండీ మాస్టారూ! మా అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ మధ్యలో లేచి వెళ్ళిన చోటల్లా కొట్టేశాను.”

ఆకాశం, అమావాస్య పోయాయి. అల్లుడు ఉన్నాడు, అలిగాడు కూడాను. కాని కథ అతనిది కాదు. రాత్రి అందరూ పడుకున్నాక, ఆరిపోయిన ప్రమిదలు ఒక్కొక్కటే ఏరుకుని వస్తున్న అత్తగారిది. వీధి గుమ్మంలో చివరి ప్రమిద ఇంకా వెలుగుతూ ఉంటుంది. ఆమె దాన్ని ఆర్పకుండా ఆ వెలుగులోనే మెట్టు మీద కూర్చుంటుంది. పొద్దుటినుంచీ ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఆ పక్కన ఎవరు వచ్చి కూర్చున్నారో నేను చెప్పను. దీపావళికి మీరే చదువుకుందురుగాని.

వాడు చదువుతూ ఉండగా వంటింట్లో మిక్సీ ఆగిపోయింది. కరెంటు పోయిందేమోనని పైకి చూశాను. ఫాను తిరుగుతూనే ఉంది.